వెనుకనుండి వచ్చిన కుమార్తె



మార్కు సువార్త 5వ అధ్యాయము మనందరికీ తెలిసినదే. పన్నెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ జనసమూహములో వెనుకగా వచ్చి ప్రభువు వస్త్రమును ముట్టింది. ఈ భాగముపై నేను ఎన్నో ప్రసంగాలు చేశాను గాని, ఆమె ముందుకు వచ్చి ఎందుకు అడగలేకపోయిందో చాలాకాలం ఆలోచించలేదు. ఆ జబ్బు పదిమందిలో చెప్పుకొనేది కాదు.

మా యానాంకు కల్యాణపురం అని పేరుండేది. 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచివారి ఏలుబడిలోని ఈ ఊరికి వర్తించలేదు. అందుచేత చుట్టుపక్కలవారు చిన్నపిల్లలను తెచ్చి ఇక్కడ పెండ్లిళ్లు చేసేవారు. పాత కథ అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మా చుట్టూ ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏండ్ల ఆడపిల్లలలో వందకు సుమారు 13 మంది అప్పటికే తల్లులో, గర్భవతులో.

బడిలో ఉన్న పిల్లకు ఐరన్ మాత్ర టీచరు చేతిమీదుగా అందుతుంది. బడి మానిన పిల్లను ఎవరు వెదకుతారు? 2014లో కేంద్రం మొదలుపెట్టిన కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం బడి మానినవారికి కూడా ఉద్దేశించినదే. కాని రొయ్యల షెడ్డుకు పోయే పిల్ల పగటిపూట ఆసుపత్రికి వస్తే ఆనాటి కూలి పోతుంది. పద్దెనిమిది నిండని గర్భవతి అయితే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాలి. ఆ భయంతో నాటుమందులకు పోతారు. గర్భం తీయించుకొనే సందర్భంలో, ఆ పిల్ల, ఆమె సంరక్షకులు కోరితే, డాక్టరు ఆమె పేరు పోలీసులకు చెప్పనవసరం లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఈ మాట మన ఇండ్లలో ఎందరికి తెలుసు?

నేను కూడా నిర్దోషిని కాను. ఉపాధ్యాయునిగా ఉన్నప్పుడు ఆ పాఠం రాగానే, "ఇంటిదగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేశాను. తరువాత బడి మానిన ఒక అమ్మాయి, మన సంఘపు బిడ్డే, నెలల తరబడి రక్తం పోయి పాలిపోయి, ప్రార్థన కోసమని మా ఇంటికి వచ్చింది. ప్రార్థన చేసి పంపివేశాను. ఆసుపత్రికి రా అమ్మా, నేను వస్తాను అనలేదు. కొన్నాళ్లకు ఆమెను మోసుకొని పోవలసి వచ్చింది. బ్రతికింది, ప్రభువుకు స్తోత్రము.

దూరప్రాంతాలలో స్థిరపడిన మీ ఇండ్లకు, మీ వీధులకు మన ఊళ్ల పిల్లలు పనికి వస్తుంటారు. వారికి బడి లేదు, అక్కడి భాష రాదు, ఆసుపత్రి ఎటో తెలియదు. యాయీరు కుమార్తె చావుబ్రతుకుల్లో ఉన్నా ప్రభువు ఆ స్త్రీ కోసం దారిలో నిలిచాడు. మనకు అంత తొందర పనేమున్నది?

ఇప్పుడు మా సంఘములో అటువంటి పిల్ల వస్తే నా భార్య తోడు వెళ్తుంది. నేను ఆసుపత్రి గేటు బయట కూర్చుంటాను. ఏమైందని అడగను.