వాహన దానము – దాసోహ భావము



లోకము వాడు దానమను మాటకును, మన శరణులు వాడిన దాసోహమను మాటకును గొప్ప భేదము కలదు. దానము చేయువాడు దాతగా నిలుచును. దాసోహము చేయువాడు దాసుడుగా నిలుచును. పన్నెండవ శతాబ్దమున కల్యాణములో బిజ్జలుని కొలువున ఉన్నత పదవి నలంకరించిన బసవేశ్వరులు తమ కలిమినంతయు ఈ రెండవ భావముతోనే జంగమార్చనకు వినియోగించిరి. ఈ భేదము తెలిసినపుడే నేటికాలపు దానములను మనము సరిగా తూచగలము.

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములనుండి వెళ్లి అమెరికాలో స్థిరపడిన బిడ్డలు కలరు. అచ్చట క్రొత్త కారు కొనునపుడు పాతదానిని ధర్మసంస్థకు ఇచ్చు వాడుక చిరకాలముగా నున్నది. ఇట్లు ఇచ్చు వాహనములలో నేడు ప్లగిన్ హైబ్రిడ్ కార్లును చేరినవి. ఇంటివద్ద కరెంటుతో బ్యాటరీ నింపుకొని కొంత దూరము నడచి, ఆ శక్తి తరిగిన పిమ్మట పెట్రోలుతో సాగు బండి యిది. కుటుంబమునకు కొన్నియేండ్లు సేవచేసిన ఇట్టి బండిని ఇచ్చివేయుట దాసోహమగునా? లేక వాకిలి ఖాళీ చేసికొనుట మాత్రమేనా?

దీనికి సమాధానము ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్రలో కలదు. బసవేశ్వరుల ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే వారు జంగమారాధన చేసెడివారు. ఒకనాడాయన నిత్యముకంటె అధికముగా తేగా, మనకు ఇంత ఏల, మిగులును తిరిగి అచ్చటనే పోసి రమ్మని లక్కమ్మ పంపెను. అట్లు మిగులును మరల పోసి వచ్చిన మారయ్యను మనము దాత యందుమా? అనము. తనది కానిదానిని చేరవలసిన చోటికి చేర్చెను, అంతియే. మన ఇంట అక్కరకు మించి నిలిచిన వాహనమును అట్టిదే. దానిని ఇచ్చుటలో గర్వపడవలసినది లేదు. ఇచ్చెడి తీరును గూర్చి మాత్రము మిక్కిలి జాగ్రత్త వహింపవలెను.

మొదటిది సత్యము. బ్యాటరీ శక్తి యేండ్లు గడచినకొలది తగ్గును. అమెరికాలో ఇట్టి బ్యాటరీలకు సాధారణముగా 8 సంవత్సరములు లేదా 1,00,000 మైళ్ల హామీ యుండును. ఆ గడువు దాటిన బండిలో బ్యాటరీ చెడినచో, క్రొత్తది వేయుటకగు ఖర్చు పేదవానికి మోయరాని భారము కావచ్చును. కావున బండి వయస్సు, నడచిన దూరము, చేసిన మరమ్మతులు, ఉన్న లోపములు దాచక చెప్పవలెను. లోపము దాచి ఇచ్చిన వస్తువు దానమనిపించుకొనదు, అది బరువు మార్పిడి.

రెండవది ఫలము. అచ్చటి సంస్థలలో పెక్కు ఇట్టి కార్లను అమ్మి, ఆ సొమ్మును సేవకు వాడును. 2005 నుండి అమలులోనున్న అమెరికా పన్ను నియమము ప్రకారము, 500 డాలర్లకు మించిన మినహాయింపు కోరునపుడు, సంస్థ కారును అమ్మివేసినచో ఆ అమ్మకపు సొమ్ము మేరకే మినహాయింపు లభించును. సంస్థ తానే సేవకు వాడుకొన్నను, పేదలకు చౌకగా ఇచ్చినను బజారు విలువ లెక్కకు వచ్చును. దాత చెప్పుకొను విలువకంటె ఆర్తునకు చేరిన మేలే ముఖ్యమని ఈ నియమమునుండియు మనము గ్రహింపవచ్చును.

ఆ కారునే పల్నాటి మఠమునకు పంపుదుమన్న వీలుపడదు. అమెరికా కార్లకు స్టీరింగు ఎడమవైపున నుండును. మన దేశమునకు దిగుమతియగు పాత కార్లకు అది కుడివైపున నుండవలెను. కావున అచ్చటి బండి అచ్చటివారికే ఉపయోగపడనిండు. ఇచ్చటి మఠమునకు సొమ్ము పంపగోరువారు విదేశీ పౌరసత్వము పొందినవారైనచో, 2010 నాటి విదేశీ విరాళాల చట్టము క్రింద ఆ మఠమునకు అనుమతి యున్నదో లేదో ముందుగా విచారింపవలెను. మంచి కోరికతో మఠమును చిక్కులపాలు చేయరాదు.

మూడవది త్యాగము. ఇచ్చట కారు నిచ్చువారు తాళము చేతికిచ్చి, ఫొటో దిగి, కాగితములను మరచుట కద్దు. 1988 నాటి మోటారు వాహనాల చట్టము ప్రకారము యాజమాన్యపు మార్పును రవాణా అధికారులకు తెలియజేసి, రిజిస్ట్రేషన్‌ను క్రొత్తవారి పేర మార్పింపవలెను. బీమాను కూడ మార్పింపవలెను. పుస్తకములో ఎవరి పేరున్నదో వారే యజమానియనియు, ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు బాధ్యత వారిదేననియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వస్తువు నిచ్చి పేరును అట్టిపెట్టుకొన్నవాడు చట్టము దృష్టిలో ఏమియు ఇయ్యనివాడే. శివుని దృష్టిలోను అంతియే కదా! "నేనిచ్చితిని" అను పేరు మనస్సులో మిగిలినంతవరకు సమర్పణము పూర్తికాదు.

బసవేశ్వరులు స్థావరముకంటె జంగమమునకు అగ్రస్థానమిచ్చిరి. అట్లని చక్రములున్నదెల్ల జంగమము కాదు. మాచర్ల సీమలోని ఒక పల్లెనుండి రోగిని సకాలమున వైద్యుని చెంతకు చేర్చిన బండిలో ఆ భావము కదలుచున్నది. మఠపు ప్రాంగణమున దాత పేరు వ్రాయబడి, డీజిలు పోయించువారు లేక తుప్పుపట్టు బండి కేవలము స్థావరమే. కావున మఠాధిపతులును వచ్చినదెల్ల స్వీకరింపక, దానిని నడుపు శక్తి తమకు కలదా యని యోచించుట మేలు. వలదనుట కూడ ఒక్కొక్కపుడు ధర్మమే. లక్కమ్మ చేసినది అదియే కదా.

ఈ పల్నాటి గడ్డమీదనే బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి అన్ని కులములవారిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టెను. ఆ చాపపై పెట్టువానికిని తినువానికిని ఎత్తుపల్లములు లేవు. మనము ఇచ్చునది పిడికెడు బియ్యమైనను, నాలుగు చక్రముల బండియైనను, పుచ్చుకొనువారి ప్రక్కన అట్లే సరిసమానముగా కూర్చుండగలిగిననాడు అది దాసోహమగును.