సొగసైన మేడ, మఱువరాని లెక్క

అన్యాయార్జితమైన ధనముతో గట్టిన భవనమును ప్రయాసపడి సంరక్షించుట తగునా? ఇంగ్లండు దేశమున బెర్కుషైరునందలి బాసిల్డన్ పార్కు చరిత్రము చదివినపుడు మనకీ ప్రశ్న తోపక మానదు.

ఫ్రాన్సిసు సైక్సు ఈస్టిండియా కంపెనీ కొలువున వంగదేశమునకు వచ్చి, కాశింబజారునను ముర్షిదాబాదు దర్బారునను అధికారము నెఱపి, దానితోపాటు సొంత వ్యాపారమును సాగించి, అపార ధనముతో స్వదేశము చేరెను. 1776లో యార్కు నగరపు వాస్తుశిల్పి జాన్ కార్ చేత నీ మేడను ప్రారంభింపించెను. తేనెవన్నె బాతు ఱాయి, స్తంభములతోడి ముఖమంటపము, ఇరువైపుల సమముగా నమరిన ఉపగృహములు, అష్టకోణపు చావడి, వీనియన్నిటియందును కొలత తప్పని సౌందర్యము కలదు. ఱాయి చెక్కిన పనివారి చేతులయందు దోషము లేదు.

సైక్సు వంగదేశమును విడిచిన స్వల్పకాలమునకే, 1770లో, అచట ఘోరక్షామము కలిగి లక్షలాది జనులు మడిసిరి. ఆ పాపమంతయు నొక్కనిపై మోపుట న్యాయము గాదు, వానలును తప్పెను. కాని రైతు గాదె వట్టిపోయినను పన్ను విడువని పాలనకు ఆయనయు నొక స్తంభమై యుండెను.

కాలక్రమమున నీ యిల్లు పాడుపడెను. 1950ల తొలి భాగమున ఇలిఫ్ దంపతులు దీనిని గొని, కార్ పనిచేసిన మఱియొక గృహమునుండి తలుపులు మొదలగువానిని తెచ్చి యమర్చి, పూర్వశోభ కలిగించి, 1978లో నేషనల్ ట్రస్టున కిచ్చిరి. నేడు చట్టమును దీనికి మొదటి తరగతి రక్షణ నొసగుచున్నది. ఆ ట్రస్టు 2020లో తన గృహములకు వలసపాలనతోను బానిస వ్యాపారముతోను గల సంబంధమును తెలుపు నివేదికను ప్రకటింపగా, పూర్వుల నవమానించుటయే యిది యని కొందఱు కోపించిరి.

ఆ కోపము మనకు సమంజసముగా దోపదు. మేడను గూల్చినచో క్షామమున మడిసినవా రెవ్వరును లేచి రారు. సాక్ష్యము మాత్రము నశించును. ఇక మేడను నిలిపి మూలధనపు కథను దాచినచో ఆ సాక్షి నోరు నొక్కినవార మగుదుము. కావున ఱాతిని కాపాడువాడే లెక్కను గూడ కాపాడవలెను.

ఈ ధర్మము పరదేశపు మేడలకే గాదు. లంచపు సొమ్ముతో లేచిన యింటి గృహప్రవేశమున విందారగించి, గోడల నునుపును మెచ్చి, సొమ్మెక్కడిదని మనసులోనైన నడుగక మరలువారము మనలో నెందఱము లేము? సైక్సును నిందించుట సులభము. ఆ ప్రశ్నను మన గడపయొద్ద నడుగుటయే కష్టము.