తేలిక పుస్తకం ఎవరికి తేలిక?

తేలిక ఇంగ్లీషులో తిరగరాసిన నవల ఒకటి చేతిలో పట్టుకుని కాలేజీ స్టాఫ్‌రూంలో కూర్చోవడం అంత సులువు కాదు. నలభై దాటిన తెలుగు లెక్చరర్ దగ్గర అలాంటి పుస్తకం కనబడితే ఎవరైనా ముందు అడిగేది "మీ పిల్లలదా?" అనే. పేజీకి పదిహేను వాక్యాలు, మధ్యలో ఒక బొమ్మ, చివర ఖాళీలు పూరించమనే అభ్యాసం. అది పెద్దవాళ్ల పుస్తకం కాదని దాని రూపమే చెప్పేస్తుంది. తెలుగు మీడియంలో చదివి, తెలుగులోనే ఎం.ఏ. చేసి, స్త్రీవాద సిద్ధాంతం జోలికి వెళ్లాలంటే ఇంగ్లీషు తప్పదని తెలుసుకున్న నాలాంటివాళ్లం చాలామందిమి ఈ మెట్ల మీదుగానే పైకెక్కాం. ఎక్కాక ఆ మెట్ల ఊసెత్తం. కానీ వాటి గురించి అడగాల్సిన ప్రశ్న ఒకటి నాకు చాలాకాలంగా మిగిలిపోయింది. ఒక పుస్తకాన్ని మరొకరి కోసం తేలిక చెయ్యడం దయా, అవమానమా? అలా చేసేటప్పుడు దేన్ని తీసేస్తారు, ఏ అధికారంతో తీసేస్తారు?

ఈ పని చరిత్రలో స్త్రీలు మొదటినుంచీ ఉన్నారు. షేక్స్‌పియర్ నాటకాలను కథలుగా చెప్పిన లాంబ్ పుస్తకం 1807లో వచ్చింది. మన దేశంలోనూ ఎన్నో తరాల పిల్లలు చదివిన కథలవి. ఇరవై కథల్లో పద్నాలుగు మేరీ లాంబ్ రాసింది, మిగతా ఆరు ఆమె తమ్ముడు చార్లెస్ రాశాడు. టైటిల్ పేజీ మీద మాత్రం చార్లెస్ పేరొక్కటే అచ్చయింది. అంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆ పుస్తకం ముందుమాట. మగపిల్లలకు తండ్రి గ్రంథాలయం చిన్నప్పుడే అందుబాటులోకి వస్తుంది, ఆడపిల్లలకు అలా రాదు, కాబట్టి ఈ కథలు ముఖ్యంగా ఆడపిల్లల కోసం అంటుందది. అక్కడిదాకా న్యాయంగానే ఉంది. ఆ తర్వాత, అర్థంకాని చోట్ల అక్కచెల్లెళ్లకు అన్నదమ్ములే వివరించాలంటుంది. అసలు నాటకాల్లోంచి చదివి వినిపించేటప్పుడు చెల్లెలి చెవికి తగినవి జాగ్రత్తగా ఏరి వినిపించమంటుంది. తలుపు తెరిచిన చెయ్యే గడప దగ్గర కాపలా కూడా పెట్టింది.

అన్నదమ్ముల చేతిమీదుగా చదువు రావడం మనకూ తెలియనిది కాదు. బడి మొహం చూడని భండారు అచ్చమాంబ (1874-1905) తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర చదువుకుంది. ఆ తమ్ముడి సాయాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆమె ఎవరో ఏరి ఇచ్చినదానితో ఊరుకోలేదు. స్త్రీల చరిత్రలను తనే వెతికి, తనే ఏరి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' కూర్చింది. ఏరే పని ఎవరి చేతిలో ఉందన్నదే అసలు తేడా.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ ఏరివేతకు లెక్కలొచ్చాయి. వలసపాలనలో ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలు చాలామంది చదువు మధ్యలోనే మానేస్తారు కాబట్టి వాళ్లకు ఇంగ్లీషులో ముందు చదవడం నేర్పితే అదైనా మిగులుతుందని వాదించాడు. మాటల సంఖ్యను అదుపులో పెట్టి 1920లలో వాచకాలు తయారుచేశాడు. 1953లో ఆయన వెలువరించిన పదాల పట్టికలో దాదాపు 2000 మాటలున్నాయి. సి.కె. ఆగ్డెన్ 1930లో ప్రకటించిన బేసిక్ ఇంగ్లీషు 850 మాటలతోనే సరిపెట్టింది. అందులో క్రియలు 18. ఇవ్వడం, తీసుకోవడం, రావడం, వెళ్లడం, ఉంచడం ఉన్నాయి. నిరాకరించడం లేదు. ఆ మాట చెప్పాలంటే చుట్టూ తిరిగి చెప్పుకోవాలి. ఇందులో కుట్ర ఏమీ లేదు. అయినా ఎదుటివాళ్లకు కొద్ది మాటలే ఇవ్వాలనుకున్నప్పుడు వాళ్లకు ఏ అవసరాలు ఉంటాయని ఊహిస్తామో ఇలాంటి పట్టికల్లో బయటపడుతుంది.

నేను చిన్న పుస్తకంగా చదివిన మొదటి ఇంగ్లీషు నవల షార్లట్ బ్రాంటీ 'జేన్ ఐర్' (1847). వంద పేజీల లోపే. కథంతా ఉంది. అనాథపిల్ల, ఎర్రగది, కడుపు మాడ్చే బడి, థార్న్‌ఫీల్డ్ ఇల్లు, పై అంతస్తులో నవ్వు, ఆగిపోయిన పెళ్లి, మంటలు, చివరికి జరిగిన పెళ్లి. రెండేళ్ల తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని అసలు నవల చదువుతూ పన్నెండో అధ్యాయం దగ్గర ఆగిపోయాను. జేన్ ఇంటి కప్పు మీదికెక్కి దూరంగా చూస్తూ ఆలోచిస్తుంది. మగవాళ్లలాగే ఆడవాళ్లకూ తమ శక్తులకు తగిన పని కావాలి, వంటలూ అల్లికలతో సరిపెట్టుకోమనడం సంకుచితం అని వాదిస్తుంది. ఈ పేరా నా చిన్న పుస్తకంలో లేదు. కథ నడవడానికి దాని అవసరం లేదు మరి.

అసలు నవలలో ఆ పేరా ముగియగానే నవ్వు వినబడుతుంది. చిన్న పుస్తకంలో నవ్వును ఉంచారు, ఎందుకంటే అది కథకు కావాలి. పక్కన ఆలోచన లేకపోతే అది దయ్యం కథలో నవ్వు. ఆలోచన ఉంటే, గోడ అవతల బందీగా ఉన్న మరో స్త్రీ దానికిచ్చిన జవాబు. మేడమీది పిచ్చిదాన్ని జేన్‌కు జంటగా చూసిన గిల్బర్ట్, గూబర్‌ల విమర్శ (1979) చిన్న పుస్తకం మాత్రమే చదివినవాళ్లకు గాలిలో మాటలా ఉంటుంది.

వర్జీనియా వూల్ఫ్ 1929లో ఇదే పేరాను ఎత్తి చూపింది. అక్కడ నవల తెగినట్టుందనీ, రచయిత్రి కోపం రచనకు అడ్డొస్తోందనీ అంది. ఆ కోపానికి మూలాలు స్త్రీల జీవితంలో ఉన్నాయనీ ఆమెకు తెలుసు. సంక్షిప్తం చేసినవాళ్లకు అంత ఆలోచన ఉండకపోవచ్చు. కానీ ఒకరు కళ పేరుతో, ఒకరు సౌలభ్యం పేరుతో వేలు పెట్టింది ఒకే చోట. స్త్రీ ఆలోచిస్తుంటే కథ ఆగినట్టు అనిపిస్తుంది. పెళ్లి జరుగుతుంటే అనిపించదు.

మాటలు కష్టమనా తీసేశారు? ఆ పేరాను తేలిక ఇంగ్లీషులో చెప్పడానికి నేనే కూర్చున్నాను. ఆడవాళ్లు, మగవాళ్లు, పని, ఇల్లు, కావాలి, చాలదు. అన్నీ వెస్ట్ పట్టికలో ఉన్న మాటలే. ఐదు వాక్యాల్లో అయిపోయింది. అంటే అడ్డొచ్చింది భాష కాదు. ఈ పుస్తకం చదివే అమ్మాయికి కథ చాలు, వాదన అక్కర్లేదన్న నమ్మకం.

ఇలా అంటూనే ఆ చిన్న పుస్తకానికి నేను రుణపడి ఉన్నాను. పరాయి భాషలో ఒక పుస్తకం చివరి పేజీ దాకా చేరడం ఎంత ధైర్యమిస్తుందో చేరినవాళ్లకే తెలుసు. అది లేకపోతే పన్నెండో అధ్యాయం దాకా వచ్చేదాన్ని కాదు. అయితే నాకు ఉద్యోగం ఉంది, నిఘంటువు ఉంది, రెండేళ్ల సాయంత్రాలు దొరికాయి. నా క్లాసులో కూర్చున్న అమ్మాయిల్లో డిగ్రీ రెండో ఏడులోనే పెళ్లయి వెళ్లిపోయినవాళ్లు ఎందరో. నాకు మెట్టయిన పుస్తకం వాళ్లకు చివరి పుస్తకం. వాళ్లకు జేన్ ఐర్ అంటే ఆ వంద పేజీలే. మిగతాది తర్వాత చదువుకుంటారులే అని తీసేసినవాళ్లు ఆ 'తర్వాత' అందరికీ ఉంటుందనుకున్నారు.

తేలిక మాటల్లో బరువైన ఆలోచన ఇమడదనేవాళ్లకు మన నేల మీదే జవాబుంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరదీపం కార్యక్రమంలో, అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న స్త్రీలకిచ్చిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉంది. సారా ఒక కుటుంబాన్ని ఏం చేస్తుందో చెప్పిన పాఠం. 1992లో దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం తెచ్చింది. పాఠం ఒక్కటే ఇంత పని చెయ్యలేదు. దాని వెనక ఏళ్ల తరబడి తిన్న దెబ్బలున్నాయి, ఖాళీ అయిన కుండలున్నాయి. కానీ ఆ పాఠం రాసినవాళ్లు చదివేవాళ్లను పసిపిల్లలనుకోలేదు. చిన్న మాటలు వాడారు, పెద్దవాళ్లతో మాట్లాడారు.

అందుకే మాటలు తగ్గించడం తప్పని నేననను. నేర్చుకునేవాళ్ల పట్ల అది మర్యాద. వాళ్ల తరఫున ఆలోచన తగ్గించడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు. ఈ కొలత ఇంగ్లీషు పుస్తకాలకే కాదు, మన పేజీలకూ వర్తిస్తుంది. ఇంగ్లీషు సిద్ధాంతాలను మనం తెలుగులోకి తెచ్చిన తీరు చూస్తే, పదో తరగతి దగ్గర చదువాగిన స్త్రీ ఈ వ్యాసాల్లో ఎన్ని దాటుకుని లోపలికి రాగలదు? ఆమె కోసం రాయాలనుకున్నప్పుడు మనకు వెంటనే తోచేది కథ, గీతం, నినాదం. వాదన మాత్రం మన మధ్యే ఉంచుకుంటాం. చెల్లెలి చెవికి తగినవి ఏరిపెట్టే పనిలో ఇప్పుడు మనమూ ఉన్నాం. జేన్ కప్పు మీద ఆలోచించినదాన్ని నేను ఐదు తేలిక వాక్యాల్లో చెప్పగలిగినప్పుడు, మన వాదనలు ఆమెకు చెప్పలేకపోవడానికి కారణం తెలుగులో మాటలు చాలకపోవడం కాదు.