మకాన్ వేరు, ఘర్ వేరు

చెవిటికల్లులో మా దాదీది మట్టిగోడల ఇల్లు. మూరెడు మందం గోడలు, పైన తాటాకు. నందిగామ వైపు మే నెల ఎండ తెలిసినవాళ్లకి ఆ గోడల విలువ చెప్పక్కర్లేదు. దాదీ ఉర్దూలో విసుక్కునేది, తెలుగులో పని చేయించేది. నేనూ అలాగే పెరిగాను.

పదిహేనేళ్ల కిందట బెజవాడలో అద్దె ఇంటి కోసం తిరిగాను. ఒకాయన కొళాయి, కిటికీలు, పెరటి వేపచెట్టు అన్నీ చూపించాడు. చివర్లో పేరడిగాడు. చెప్పాను. "మావాళ్లెవరో వస్తామన్నారండీ" అన్నాడు. ఉర్దూలో మకాన్ వేరు, ఘర్ వేరు. మకాన్‌కి గోడలు చాలు. ఘర్‌కి చుట్టూ ఉన్న మనుషులు ఒప్పుకోవాలా? ఒప్పుకోకపోతే అది ఎవరి లోపం?

ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు బాలకృష్ణ దోషి గుర్తొస్తారు. తెలుగులో ఆ మాటకి నేరస్తుడని అర్థం, ఆయనకది ఇంటిపేరు. పేరుని బట్టి మనిషిని తేల్చేస్తే ఇంతే! ఆయన ఆర్కిటెక్టు, బొమ్మలు కూడా వేసేవారు. హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. టౌన్‌షిప్ ఆయన రూపకల్పనే. ఇండోర్‌లో అరణ్య కాలనీలో పేదలకి ఆయన పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. పునాది, మరుగుదొడ్డి, ఒక గది ఇచ్చి, మిగతాది మీ చేతుల్తో మీరే కట్టుకోండన్నారు. 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, 2023లో పోయారు.

అహ్మదాబాద్‌లో 1990లలో ఆయనా, ఎం.ఎఫ్. హుసేనూ కలిసి ఒక గుహ చేశారు. సగం భూమిలో, పైన తాబేలు చిప్పల్లాంటి గుమ్మటాలు, లోపల చెట్ల మానుల్లా వంగిన స్తంభాలు. ఎండని తప్పించుకోడానికి నేలలోకే వెళ్లారన్నమాట. కూలీలు చేతి పనిముట్లతో కట్టారు. హుసేన్ ఆ గోడల మీదే బొమ్మలు వేశాడు. హుసేన్-దోషి గుహ అన్నారు. తర్వాత అది అమ్‌దావాద్ ని గుఫా అయింది. 1996లో ఆ ప్రాంగణంలోని గ్యాలరీలో హుసేన్ బొమ్మల్ని ధ్వంసం చేశారు. 2006లో దేశం వదిలాడు. 2010లో కతార్ పౌరుడయ్యాడు, 2011లో లండన్‌లో చనిపోయాడు. గోడ మీద బొమ్మ ఉంది, వేసినవాడికి దేశంలో చోటు లేకపోయింది.

ఇంతవరకూ రాసి, మనం బాధితులమని ఆపేస్తే సుఖంగా ఉంటుంది. కానీ మా దాదీ ఇంటి మట్టి తొక్కింది ఎవరు? మాలపల్లె నుంచి వచ్చిన మనిషి. గోడ లేచాక ఆయన్ని దాదీ వసారా దాటనివ్వలేదు. నీళ్లు పైనుంచి పోసేది. మసీదులో అందరూ ఒక్కటేనని మాకు చెప్పింది కూడా ఆ దాదీయే. నన్ను వెనక్కి పంపిన బెజవాడ ఇంటాయనా, మా దాదీ... ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టడం నాకు ఇష్టంలేని పని.

మొన్న ఊరెళ్లాను. గోడ సగం కూలింది. ఆ మట్టి తొక్కినాయన కొడుకు కనిపించాడు. "మా నాయన తొక్కిన గోడ సాయిబుగారూ ఇది" అంటూ వసారా దగ్గర ఆగి చెప్పులు విడవబోయాడు. వద్దన్నాను. ఇద్దరం లోపలికెళ్లి, మిగిలిన గోడకి ఆనుకుని నిలబడ్డాం.