వెనక సీటుకు చోటిచ్చిన వేగం

మిర్చి బస్తాలు వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు చేరి చేతికి డబ్బు వచ్చే రోజుల్లో నర్సంపేట చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో లెక్కలు మొదలవుతాయి. అప్పు కట్టాలా, బోరు వేయించాలా, కొడుకు అడుగుతున్న బండి కొనాలా? ఆ కొడుకు అడిగేది ఏదో ఒక బండిని కాదు, యమహా ఆర్15ను. ఎరువు బస్తా వేసుకోవడానికి పనికిరాని దానికి లక్షన్నర ఎందుకని తండ్రి అడుగుతాడు. టీవీలో చూసిన రేసు బండి పోలికలు అందులో కనిపిస్తాయని, తన చేతికి అందగలిగింది అదొక్కటేనని కొడుకు అంటాడు.

వీళ్ల వాదన డబ్బుతో తెగేది కాదు. దాని అడుగున పాత తాత్విక ప్రశ్న ఒకటి ఉంది. గొప్పది చిన్న రూపంలో మనకు అందినప్పుడు, మనకు దక్కింది ఆ గొప్పదేనా, దాని నీడేనా? నీడతో తృప్తి పడటం వివేకమా, ఆత్మవంచనా?

ముందు బండి సంగతి. యమహా 1998లో వైజడ్‌ఎఫ్-ఆర్1ను తెచ్చింది. 998 సీసీ ఇంజను, దాదాపు 150 హార్స్‌పవర్. రేసు బండి పోలికలతో రోడ్డెక్కిన యంత్రమది. పదేళ్ల తర్వాత, 2008లో, అదే ముఖకవళికలతో భారతదేశంలో ఆర్15 వచ్చింది. ఇంజను 150 సీసీ, శక్తి 17 హార్స్‌పవర్‌కు అటూఇటూ. లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, రేసు బండ్ల తరహా డెల్టాబాక్స్ ఫ్రేము ఆ ధరలో అప్పటికి అరుదు. ఆర్1 శక్తిలో దాదాపు తొమ్మిదో వంతే ఉన్నా, వంపులో దాని నడక చూసినవాళ్లు అది వేషం వేసుకున్న మామూలు బండి అని అనలేదు.

మన భక్తి సంప్రదాయం ఈ ప్రశ్నను ఎప్పుడో ఎదుర్కొంది. తిరుమల దాకా వెళ్లలేనివాళ్లు ద్వారకా తిరుమలలో మొక్కు చెల్లించుకుంటారు. దానికి చిన తిరుపతి అని పేరు. పాలమూరు వైపు మన్యంకొండను పేదల తిరుపతి అంటారు. అక్కడికి వెళ్లినవాళ్లెవరూ తక్కువ రకం దేవుణ్ణి చూసొచ్చామని అనుకోరు. పైగా జనంలో ఒక కట్టుబాటు ఉంది: పెద్ద తిరుపతి మొక్కును చిన తిరుపతిలో తీర్చుకోవచ్చు, చిన తిరుపతి మొక్కును మాత్రం అక్కడికే వెళ్లి తీర్చాలి. చిన్నదానికీ తనదైన హక్కు ఉంటుందని జనం ఏ శాస్త్రం చదవకుండానే తేల్చేశారు.

శాస్త్రమూ అదే మాట చెబుతుంది. శ్రీవైష్ణవంలో నారాయణుడికి ఐదు స్థితులు. పరమపదంలో పరరూపం, పాలకడలిలో వ్యూహం, రాముడు కృష్ణుడు వంటి విభవాలు, గుండె లోపల అంతర్యామి, గుడిలో అర్చామూర్తి. 13వ శతాబ్దపు ఆచార్యుడు పిళ్లై లోకాచార్యులు శ్రీవచన భూషణంలో ఈ ఐదింటినీ దాహంతో ఉన్నవాడి వైపు నుంచి చూశారు. బ్రహ్మాండానికి ఆవల ఉన్న నీరు, పాలకడలి, భూమి అడుగున ఉన్న నీరు, ఎప్పుడో వరదై పారిపోయిన నది, ఇవేవీ ఇప్పుడు ఎండిన గొంతును తడపవు. ఆ నది మడుగుల్లో నిలిచిపోయిన నీరే తడుపుతుంది. అర్చామూర్తి అలాంటి మడుగు. పరత్వం ఎంత గొప్ప గుణమో, అందరికీ అందే సౌలభ్యమూ అంత గొప్ప గుణమేనని ఆ సంప్రదాయం నమ్మింది.

ఆ శతాబ్దంలోనే కాకతి గణపతిదేవుడి కాలంలో నర్సంపేటకు దగ్గర్లో పాఖాల చెరువు వెలిసింది. గుట్టల మధ్య కురిసి పారిపోయే వానకు కట్ట వేసి నిలిపారు. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ నీరు పొలాలకు పారుతోంది. దాని కింద వరి పండించే రైతుకు లోకాచార్యుల వాదం విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే దేవుడి విషయంలో నిలిచిన వాదం బండి విషయంలో అంత సులువుగా నిలుస్తుందా? అర్చామూర్తిలో భగవంతుడు పూర్తిగా ఉంటాడని భక్తుడి విశ్వాసం. 150 సీసీలో 998 సీసీ పూర్తిగా ఉండదు. దేవుడు దయతో దిగివస్తాడు, కంపెనీ లాభం కోసం ధర దించుతుంది. పైగా మడుగు నీరు దాహం తీరిస్తే, పెద్ద బండి ముఖం పెట్టుకున్న చిన్న బండి దాహాన్ని పెంచవచ్చు. విషయాలను పదేపదే తలుస్తుంటే సంగం పుడుతుందని, సంగం కోరికగా, కోరిక కోపంగా మారుతుందని గీత రెండో అధ్యాయం హెచ్చరించింది. కిస్తీ తప్పిన ఇంట్లో ఆ కోపం ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. ఈ అభ్యంతరాలను తోసిపుచ్చడానికి వీల్లేదు.

అందుకే చవకగా చేసిన ప్రతిదాన్నీ ఒక ప్రశ్నతో తూచాలి: ధర తగ్గించడానికి ఏం తీసేశారు, ఏం ఉంచారు?

2021 నవంబరులో యమహా ఆర్15ఎస్‌ను విడుదల చేసింది. ఆర్15లోనే ఇంకాస్త అందుబాటు రూపమది. ఢిల్లీ ఎక్స్‌షోరూం ధర లక్షా యాభై ఏడు వేల చిల్లర. అప్పటికే వచ్చిన నాలుగో తరం ఆర్15 కన్నా పది వేలకు పైగా తక్కువ. తలకిందులుగా బిగించే ఖరీదైన ముందు ఫోర్కులు, ట్రాక్షన్ కంట్రోల్ ఇందులో లేవు. 155 సీసీ ఇంజను, ఫ్రేము ఉన్నాయి. ముఖ్యంగా, రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉంది. కోత పడింది హంగుల మీద, సదుపాయాల మీద. ప్రాణం కాపాడే బ్రేకు జోలికి ఆ కోత పోలేదు.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది సీటు. 2011లో వచ్చిన రెండో తరం ఆర్15కు రేసు బండి మాదిరి సీటును రెండుగా విడగొట్టి, వెనక భాగాన్ని ఎత్తున నిలిపారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. చీర కట్టుకున్న తల్లి మాత్రం దాని మీద కూర్చోలేదు. తొలి ఆర్15ఎస్ 2015లో, తర్వాతది 2021లో, సీటును మళ్లీ ఒకే పలకగా కలిపేశాయి. రేసు బండి ఒక్కడి కోసం పుట్టింది. దాని గెలుపులో వెనక కూర్చునేవాళ్లకు పాత్ర లేదు. ఆ రూపం చవకై ఊళ్లలోకి వచ్చాక ఇంకో మనిషికి చోటివ్వాల్సి వచ్చింది. వరంగల్ ఆసుపత్రికి అమ్మను తీసుకుపోవాలి, చెల్లెను కాలేజీ దగ్గర దింపాలి. ఇది అసలుకు జరిగిన నష్టమని అనలేం. అసలులో లేని సుగుణం ఇక్కడ కొత్తగా చేరింది. గర్భగుడి దాటని మూలవిరాట్టుకు బదులు ఉత్సవమూర్తి మాడవీధుల్లోకి వచ్చి, గుడి మెట్లెక్కలేని ముసలమ్మకూ దర్శనమిస్తాడు. అందుబాటులోకి రావడమంటే ఎదుటి మనిషి అవసరాన్ని తన ఒంట్లో కలుపుకోవడమేనని ఆ ఊరేగింపు చెబుతుంది, ఈ సీటూ చెబుతుంది.

ప్రభుత్వ పన్నూ చిన్న బండి వైపే మొగ్గింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ పైన ఉన్నవాటికి 40 శాతం. బండి ఇంకాస్త చేతికి అందింది కాబట్టి, దాన్ని ఎలా నడపాలన్న బాధ్యత ఇంకాస్త దగ్గరకొచ్చింది. చిన్న రూపాన్ని దాని హద్దులతోనే ప్రేమించడం కుర్రవాడు నేర్చుకోవాలి. పాఖాల రోడ్డు రేసు ట్రాక్ కాదు. ఎడ్లబండి, మేకల మంద, బడి వదిలిన పిల్లలు అదే దారిలో వస్తారు. తండ్రి నేర్చుకోవాల్సిందీ ఉంది. కొడుకు అడిగినదాన్ని సోకు అని కొట్టిపారేసే ముందు, ఆ కోరికలో అందం మీద, నైపుణ్యం మీద ఉన్న ఇష్టాన్ని గుర్తించాలి. కిస్తీ లెక్కను ఇద్దరూ కలిసి వేసుకోవాలి.

దసరా నాడు బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మన ఆయుధపూజ. ఆ పూజలో ఇక నుంచి రెండు హెల్మెట్లు కూడా ఉండాలి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఆ రెండోది అమ్మ తలకు, చెల్లె తలకు సరిపోయేలా కొలత చూసి, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనాలి. దాని ఖర్చు బండి కిస్తీల్లో ఒక్కదానంత కూడా ఉండదు. బండి కొన్న రోజే, షోరూం గడప దాటకముందే, ఆ పని పూర్తి చేయడం మంచిది.