పగ్గానికి రెండు కొసలు

'లామా' అనగానే తెలుగు పాఠకునికి టిబెట్ బౌద్ధాచార్యులు స్ఫురించడం సహజం. ఇక్కడి ప్రస్తావన వారిని గురించి కాదు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతసీమలో బరువులు మోసే, ఒంటె కుటుంబానికి చెందిన, మూపురం లేని జంతువును గురించి. ఈ పేరు క్వెచువా భాషలోనిది. కొన్ని దశాబ్దాలుగా ఈ జంతువుకు జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ దేశాల అడవులలో కొత్త పని దొరికింది. సెలవు దినాలలో తల్లిదండ్రులు పిల్లలతో వస్తారు. మార్గదర్శకుడు లామాల పగ్గాలను వారి చేతికి అందిస్తాడు. చెట్ల నీడన అందరూ కలిసి నడుస్తారు. దానిపై ఎవరూ ఎక్కరు.

ఇందులో ఎవరికీ హాని కనిపించదు. అందుచేతనే ఇందులోని నైతిక ప్రశ్న కూడా సులభంగా దృష్టికి రాదు. బండి లాగే ఎద్దుచేత తాను పని చేయించుకుంటున్నానన్న ఎరుక రైతుకు ఉంటుంది. పక్కన నడిచే జంతువు విషయంలో ఆ ఎరుక స్నేహమనే మాట చాటున మరుగుపడుతుంది. పగ్గం ఒకరి చేతిలోను, దాని కట్టు మరొకరి ముఖానికీ ఉన్న సంబంధం స్నేహమవుతుందా?

వేల ఏళ్ల క్రితం గ్వానాకో అనే అడవి జంతువును మచ్చిక చేసి లామాగా మలచిన ఆండీస్ ప్రజలు ఆ మాటను ఆశ్రయించలేదు. దానిపై సుమారు 25-30 కిలోల బరువు వేశారు; ఉన్ని కత్తిరించుకున్నారు; పేడను వంటచెరకుగా వాడుకున్నారు; మాంసమూ తిన్నారు. ఆ మందల చెవులకు రంగు ఉన్ని కుచ్చులు కట్టి పండుగ చేసి, భూమాత పచమామకు నైవేద్యం పెట్టే ఆచారమూ వారిదే. అక్కడ ఋణమున్నది, ఋణపడ్డామన్న ఎరుకా ఉన్నది. బరువు మించితే లామా నేలపై కూర్చుండిపోతుంది, లేవదు. దానిని మొండితనమన్నవారు బరువు మోసినవారు కారు.

అడవి నడకలో మోయవలసిన బరువు స్వల్పం. మోయవలసినది పిల్లల ప్రేమ. ఆ దట్టమైన ఉన్నిని చూసి చేయి చాచని బిడ్డ ఉండడు. కాని తల నిమరడం చాలా లామాలకు గిట్టదు. చెవులు వెనక్కు వాల్చి, గడ్డం పైకెత్తితే అది హెచ్చరిక. ఆ తరువాతిది ఉమ్మి. మరింత విచారకరమైన సంగతి మరొకటి ఉన్నది. తన మందకు దూరమై, సీసాపాలతో మనుషుల ముద్దుమురిపాల మధ్య పెరిగిన మగపిల్ల మనుషులనే తన జాతిగా భావించే ప్రమాదముంది. అట్టిది యుక్తవయసు రాగానే, మగ లామా పోటీదారుపై కలబడే తీరున మనుషులపై కలబడుతుంది. పెంపకందారులు బాగా ఎరిగిన ఈ వికారాన్ని సరిదిద్దడం దుస్సాధ్యం. కొన్నిటిని చంపివేయవలసి వస్తుంది. దాని పట్ల క్రూరత్వం చూపినవారెవరూ లేరు. చూపినదంతా ప్రేమే.

కాబట్టి దయ ఉన్నదా లేదా అన్న విచారణ ఇక్కడ చాలదు. లామాను లామాగా ఉండనిచ్చారా అన్నది అడగాలి. అది మంద జంతువు, ఒంటరిగా ఉంచరాదు. దారిలో మేయబోతుంది, ఐరోపా అడవులలోని యూ చెట్టు ఆకు దానికి విషం, కనుక మార్గదర్శకుని కన్ను పిల్లలపై ఎంత ఉండాలో దాని మూతిపైనా అంతే ఉండాలి. నడుస్తూ నడుస్తూ అది నిలబడిపోతే? బిడ్డ పగ్గం లాగుతాడు. వదులుగా పట్టుకొని ఆగమని చెప్పడం తేలికే, మొదటిసారి. రుసుము చెల్లించిన కుటుంబం గడియారం చూసుకుంటూ, తరువాతి బృందం అప్పటికే కంచె వద్దకు చేరి ఉన్నప్పుడు, ఈ పూటకు నడక ఇంతటితో సరి అని చెప్పగల నిర్వాహకులు ఎందరన్నదే అసలు సందేహం.