కుర్సురాలో పుట్టినరోజు

మా పాప ఆరో పుట్టినరోజుకి ఉక్కునగరం నుంచి పదిమంది పిల్లల్ని ఆర్కే బీచ్‌కి, కుర్సురా సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్లాను. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియమైంది అది. టార్పెడోల దగ్గర ఒకటే కేరింతలు. అంతలో ఒకడు అడిగాడు: "ఆంటీ, ఇది ఎవర్నైనా చంపిందా?"

"పుట్టినరోజు పూట ఆ మాటలేంట్రా" అనబోయి ఆగాను. ఇది చంపలేదని, కానీ 1971 యుద్ధంలో ఈ సముద్రంలోనే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగి, లోపలున్నవాళ్లంతా చనిపోయారని చెప్పాను.

"వాళ్లకీ పిల్లలున్నారా?"

"ఉండే ఉంటారు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బయటికొచ్చాక కేక్ ఎప్పుడని ముందడిగింది వాడే.

పిల్లల సంతోషం చెడుతుందని నిజం దాస్తాం. వాళ్లు రెండూ మోయగలరు. మనం దాచుకునేది చాలాసార్లు మన ఇబ్బందినే.